బొంతా? దక్షిణం తలా?

26 కిలోలు తగ్గాక నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, నాకూ తుంటి ఎముకలు ఉన్నాయని. అన్నేళ్లూ అవి మెత్తటి కండలో కూరుకుపోయి కిక్కురుమనకుండా పడి ఉన్నాయి. ఇప్పుడు రాత్రి రెండింటికి లేపుతున్నాయి. కుడి పక్కకు పడుకుంటే కుడి తుంటి, ఎడమకు తిరిగితే ఎడమ భుజం, వెల్లకిలా పడుకుంటే తోక ఎముక. మోకాళ్లు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. తగ్గినందుకు పగలంతా శభాష్ అనిపించుకోవడం, రాత్రంతా మూలగడం.

మంగళగిరిలో నొప్పి ఉందని నోరు జారితే చాలు, కారణాలకు కరువుండదు. పక్కింటి పిన్నిగారు దిష్టి అని తేల్చేశారు. "అంత మనిషివి ఇంతయితే ఊరి కళ్లు ఊరుకుంటాయా నాయనా?" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేశారు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టట. వస్తే? దిష్టి పోయినట్టట. అమ్మ కొండమీది పానకాల స్వామికి బిందె పానకం మొక్కుకుంది. అక్కడ శంఖంతో పోసిన పానకంలో సగం స్వామి తాగి మిగతా సగం వదిలేస్తాడని నమ్మకం. ఆ సగం ప్రసాదంగా నా ముందుకొచ్చింది. ఎనిమిది నెలలుగా బెల్లం ముక్క ముట్టనివాడికి ఎంత పరీక్షో చెప్పలేను.

ఇవి పాత నమ్మకాలు, చూడగానే గుర్తుపడతాం. నాకు కోపం తెప్పించింది మూడోది. అది ప్యాంటూ షర్టూ వేసుకొచ్చింది. నాతోపాటు పథ్యం చేసిన మిత్రుడు అన్నాడు: "నొప్పులొస్తున్నాయంటే మంచిదే. కొవ్వులో దాగిన విషాలు బయటికి పోతున్నాయన్నమాట."

మరి నొప్పి తగ్గితే? విషాలు పోయినట్టు. ఎక్కువైతే? ఇంకా గట్టిగా పోతున్నట్టు. ఏం జరిగినా తనే గెలిచే వాదన ఇది. పిన్నిగారి మిరపకాయలకూ దీనికీ తేడా భాషలో తప్ప ఇంకెక్కడా లేదు. కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందో 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు లెక్కగట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. తుంటి ఎముకను పొడుచుకుంటూ బయటికి పోయేది అందులో ఏమీ లేదు.

మేం పట్టింది, పిండిపదార్థాలు బాగా తగ్గించే వీరమాచనేని రామకృష్ణ గారి పథ్యం. బెజవాడ చుట్టుపక్కల ఆమధ్య అది ఎంత ఊపు ఊపిందో గుర్తుండే ఉంటుంది. కొబ్బరినూనె డబ్బాలు, నిమ్మకాయలు, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు. ఆ పద్ధతిలో మల్టీవిటమిన్ మాత్రలు కూడా ఒక భాగమే. మా వీధిలో మాత్రం నూనె సంగతి పదిమంది చెప్పారు, మాత్రల సంగతి ఒక్కరూ చెప్పలేదు. నోటిమాట మీద నడిచే వైద్యంలో ముందు జారిపోయేవి ఇలాంటివే.

చివరికి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చెప్పింది చాలా చప్పగా ఉంది. ఎముకల మీది మెత్త పోయింది కనుక బరువంతా కొన్ని చోట్లే పడుతోంది. కొవ్వుతోపాటు కొంత కండ కూడా పోయింది. రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు నీళ్లతో పాటు ఉప్పు కూడా ఒంట్లోంచి పోతుంది, పిక్కలు పట్టేయడానికి అదీ ఒక కారణం. కాలు మీద కాలు వేసుకుని గంటల తరబడి కూర్చోవద్దన్నారు. మోకాలి పక్కన ఎముకను ఆనుకుని పోయే నరానికి అండగా ఉన్న కొవ్వు కరిగాక, అది నలిగి పాదం వేలాడిపోవచ్చట. పెద్దల ముందు కాలు మీద కాలు వేయకూడదని చిన్నప్పుడు తిన్న దెబ్బలకు ఇన్నాళ్లకు ఒక కారణం దొరికింది, కొట్టినవాళ్లు అనుకున్న కారణం కాకపోయినా.

ఇక దిక్కుల సంగతి. నేను ఉత్తరానికి తలపెట్టి పడుకుంటానని అమ్మకు ఎప్పటినుంచో గుబులు. ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగు తలనే వినాయకుడికి పెట్టారన్న కథ చెప్పడం మానేసి ఈమధ్య అయస్కాంతం గురించి చెబుతోంది, యూట్యూబ్ చలవ. రక్తంలో ఇనుముంది కదా, ఉత్తర ధ్రువం లాగుతుందట. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములాంటిది కాదు, హిమోగ్లోబిన్ అణువులో ఇరుక్కుని ఉంటుంది, మామూలు అయస్కాంతానికి అతుక్కోదు. భూమి అయస్కాంత బలం మన దగ్గర ఒక టెస్లాలో ఇరవై వేలో వంతు కన్నా కాస్త తక్కువే. ఎమ్మారై యంత్రంలో మామూలుగా 1.5 టెస్లాలుంటుంది. అంటే ముప్పై వేల రెట్లకు పైనే. అందులోకి వెళ్లినవాళ్లు నెత్తురు ఒకవైపు గుంజుకుపోకుండానే లేచి ఇంటికొస్తున్నారు.

ఒకరోజు నేను ఊళ్లో లేనప్పుడు అమ్మ రెండు పనులు చేసింది. మంచం దక్షిణం తలకు తిప్పింది. చెక్క మీద బొంత పరిచింది. తన పాత మంగళగిరి చీరలు ఏడెనిమిది వరసలు వేసి కుట్టిన బొంత, నిజాం అంచులు అక్కడక్కడ బయటికి కనిపిస్తూ ఉంటాయి. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. "చూశావా దక్షిణం మహిమ!" అంది.

ఇక్కడ నేనూ ఒక తప్పు ఒప్పుకోవాలి. చెక్క మంచం నా నమ్మకం. వెన్నుకు గట్టి పడకే మంచిదని ఎవరో అంటే విని, ఏ ఆధారమూ అడగకుండా ఇరవై ఏళ్లు పాటించాను. 2003లో లాన్సెట్‌లో వచ్చిన స్పెయిన్ అధ్యయనంలో, నడుంనొప్పి ఉన్న 313 మందిని పరిశీలిస్తే, బాగా గట్టి పరుపు కన్నా ఓ మాదిరి గట్టిదే మేలని తేలింది. దిష్టిని ఎగతాళి చేసినవాడు చెక్కను పూజిస్తున్నాడు.

గ్రహణం వేళ గర్భిణులను బయటికి రప్పించి, నిప్పుల మీద నడిచే ప్రదర్శనలు పెట్టి మూఢనమ్మకాలను ఎండగట్టిన నాస్తికవాది సరస్వతీ గోరా గారు పనిచేసింది ఇక్కడికి దగ్గర్లోని పటమటలోనే. చేసి చూడటమే ఆవిడ దారి, నేనూ అదే పట్టాను. నాలుగు రాత్రులు బొంతతో ఉత్తరానికి పడుకున్నాను, నొప్పి పెద్దగా లేదు. నాలుగు రాత్రులు చెక్క మీద దక్షిణానికి పడుకున్నాను, మూడో రాత్రికే తుంటి లేపింది. మోకాళ్ల మధ్య దిండు రెండుసార్లూ ఉంది. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షను రుజువనలేం. పైగా కళ్లకు గంతలు కట్టుకున్నా వీపుకు బొంత తెలిసిపోతుంది.

అమ్మకు కాగితం మీద రాసి చూపించాను. ఓపిగ్గా చదివింది.

"సరేరా, బొంత వల్లే అనుకో. దక్షిణానికి పడుకుంటే నీ సొమ్మేం పోయింది?"

మంచం ఇప్పుడు దక్షిణానికే ఉంది. కిటికీ అటే ఉంది మరి, గాలి మొహానికి బాగా తగులుతుంది.