సినిమాలో లేని అధ్యాయం

"సార్, వెయ్యి పేజీలు ఎవరు చదువుతారు? మూడు సినిమాలున్నాయిగా!" టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మా చేతిలో చూసినప్పుడల్లా పిల్లలు అనే మాట ఇది. సినిమాలో లేని ఒక్క అధ్యాయం కోసమైనా ఆ నవల చదవాలన్నది మా అభిప్రాయం.

దుష్టశక్తి నిండిన ఉంగరాన్ని అది తయారైన అగ్నిపర్వతంలోనే పడేయడానికి ఫ్రోడో, అతని తోటమాలి శామ్ వెళ్తారు. పని పూర్తవుతుంది. సినిమాలో వాళ్ళు తిరిగొచ్చేసరికి సొంతూరు షైర్ ఎప్పటిలాగే పచ్చగా ఉంటుంది. 1955లో వచ్చిన మూడో సంపుటంలో మాత్రం అలా కాదు. దుండగులు ఊరిని ఏలుతుంటారు. చెట్లు నరికేశారు, ఏరు మురికైంది. ఎన్నో యుద్ధాలు చూసొచ్చిన శామ్, పుట్టినరోజు విందు జరిగిన పెద్ద చెట్టు నేలకూలి ఉండడం చూసి ఏడ్చేస్తాడు.

కాలేజీ రోజుల్లో ఈ అధ్యాయం మాకు విసుగనిపించింది. గెలిచాక ఇంకా కథేమిటి అనుకున్నాం. అప్పటికి మేము ఇల్లు వదిలి ఎరగం. తర్వాత బదిలీల మీద నాలుగు రాష్ట్రాలు తిరిగాం. సెలవులకు ఊరెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గి కనిపిస్తోంది. ఒక ఏడాది బడి ముందు చింతచెట్టు లేదు. మరో ఏడాది చెరువు సగం పూడిపోయి ఉంది. "ఎన్నాళ్ళుంటారు?" అని ఊరివాళ్ళే మమ్మల్ని చుట్టాల్ని అడిగినట్టు అడుగుతున్నారు.

నవలలో చాంతాడంత వర్ణనలు, పాటలు ఉన్న మాట నిజమే. కొన్ని పేజీలు మేమూ గబగబా తిప్పేశాం. కానీ శామ్‌తో అంత దూరం నడిస్తేనే ఆ ఒక్క చెట్టు పోయిన బాధ మనకూ తగులుతుంది.

దారిలో గలాడ్రియెల్ రాణి శామ్‌కు ఒక చిన్న పెట్టె ఇచ్చింది. అందులో ఆమె తోట మట్టి, ఒక విత్తనం ఉన్నాయి. ఆ మట్టిని శామ్ తన పెరట్లోనే చల్లుకోలేదు. ఊరంతా తిరిగి, చెట్టు పోయిన చోటల్లా మొక్క నాటి, ఒక్కో రేణువు వేశాడు. పెద్ద చెట్టు ఉన్నచోట విత్తనం పాతాడు. వసంతానికి ఊరు చిగురించింది. ఫ్రోడో గాయం మాత్రం మానలేదు. అతను ఓడెక్కి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఊరు బాగుపడితే అందరూ బాగుపడినట్టేనని రచయిత అబద్ధం చెప్పలేదు.

దరఖాస్తులో 'స్వస్థలం' అన్నచోట ఏం రాయాలని అడిగే పిల్లలు మన బడిలో చాలామందే ఉన్నారు. వాళ్ళకు మేము ఈ అధ్యాయం చదవమని చెబుతాం. తిరిగిన ఊళ్ళ నుంచి ఏం తెచ్చి ఎక్కడ నాటుతామో, అదే మన ఊరు.

ఈ వేసవిలో అస్సాం నుంచి కాజీ నిమ్మ మొక్క ఒకటి మా ఊరికి తీసుకెళ్ళాం. చింతచెట్టు ఉన్నచోట నాటాం. అమ్మ నీళ్ళు పోస్తోంది. ఇంకా చిగురు వేయలేదట.