వేలిముద్ర పడని చేతులు



సమాచార సాంకేతికత అనగానే మన కళ్ల ముందు మెదిలేవి బెంగళూరు, హైదరాబాదుల్లోని అద్దాల మేడలు. ఆ మేడలు మన బిడ్డలకు ఉద్యోగాలిచ్చాయి, కాదనలేం. కానీ ఒక పేద దేశం ముందుకు వెళ్లిందా లేదా అన్నది ఆ మేడల ఎత్తును బట్టి తేలదు. వరుసలో అందరికన్నా వెనుక నిలబడిన మనిషికి ఆ సాంకేతికత ఏ పని చేసిపెట్టిందో చూడాలి.

కెన్యా దేశాన్ని గమనించండి. 2007లో అక్కడ సఫారీకామ్ అనే ఫోన్ సంస్థ ఎం-పెసా సేవను ప్రారంభించింది. పట్నంలో కూలి చేసుకునే కొడుకు ఊళ్లోని తల్లికి డబ్బు పంపాలంటే అంతకుముందు బస్సు డ్రైవరు చేతికో, తెలిసినవారి చేతికో ఇచ్చి ఆశపడాల్సి వచ్చేది. ఎం-పెసా వచ్చాక మామూలు బటన్ ఫోన్‌తోనే పంపగలిగాడు. ఊరి కొట్టువాడే ఏజెంటుగా ఆమెకు నగదు ఇచ్చాడు. దీనివల్ల సుమారు 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయని తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు 2016లో అంచనా వేశారు. బ్యాంకు మెట్లెక్కని మనుషుల దగ్గరికి, వారి చేతిలో అప్పటికే ఉన్న ఫోన్ ద్వారానే వెళ్లడం ఆ సేవకు బలమైంది.

మన దగ్గరా అలాంటి మేలు జరిగింది. కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద దాదాపు 67 లక్షల మంది రైతుల భూమి రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించింది. అంతకుముందు పహణీ కావాలంటే గ్రామ లెక్కాధికారి చుట్టూ తిరగాలి, చేతులు తడపాలి. ఆ తర్వాత తాలూకా కార్యాలయంలో 15 రూపాయలు కడితే నిమిషాల్లో చేతికొచ్చింది. కోలారు, బళ్లారి జిల్లాల్లో తరతరాలుగా సేద్యం చేస్తున్న మన తెలుగు రైతులకూ ఆ మేలు అందింది. అయితే పేరు మీద గుంట భూమి కూడా లేని కూలీకి ఆ కంప్యూటర్‌లో చోటు లేదు.

దారి చూపాల్సిన యంత్రమే ఒక్కోసారి తలుపు మూస్తుంది. 2017లో ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక చనిపోయింది. ఆధార్‌తో జతకాలేదని రేషన్ ఆపేశారని, బిడ్డ ఆకలితోనే పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు అన్నారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది: ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హులకు రేషన్ నిరాకరించకూడదు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? బట్టలుతికి, ఇటుకలు మోసి వేళ్లు అరిగిపోయిన తల్లి యంత్రం ఒప్పుకోలేదంటే తన తప్పేననుకుని ఖాళీ సంచితో తిరిగి వస్తుంది.

2022 నాటికి 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. శ్రీకాకుళం నుంచి వలస వెళ్లిన కూలీ తన ఊరి కార్డుతోనే బెంగళూరులోనో, భువనేశ్వర్‌లోనో బియ్యం తీసుకోవచ్చు. అడగాలంటే ముందు తెలియాలి, చెప్పేవారుండాలి.

యౌవనస్థులారా, ఇక్కడే మీ అవసరం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడుతూ పెరిగారు. ఫోన్ మీ చేతిలో ఆటవస్తువంత తేలిక. ఆదివారం ఆరాధన ముగిశాక ఒక గంట గుడి వరండాలో కూర్చోండి. పెద్దల కార్డుల వివరాలు సరిచూడండి. పరాయి లిపిలో ఉన్న ఫారాలు చదివి వినిపించండి. రేషన్ నిరాకరించిన చోట తేదీ, కారణం రాసి తాలూకా కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. వారి ఓటీపీ, పిన్ నంబర్లు మాత్రం మీరు అడగవద్దు, ఎవరికీ చెప్పవద్దని వారికీ నేర్పండి.

కంప్యూటర్లు ప్రభుత్వాలు కొంటాయి. వాటి ముందు నిలబడ్డ అవ్వ పక్కన నిలబడటం మన పని.