చంకలో బొంత

వసతి గృహంలో చేరిన మొదటి రోజును మనలో మరచిపోయినవారు ఉండరు. నెత్తిన ట్రంకుపెట్టెతో నాన్న, చంకలో బొంతతో అమ్మ, వాళ్ళ వెనుక బిక్కమొహం వేసుకొని మనం. పెట్టెలో కంచం, గ్లాసు, రెండు జతల బట్టలు, సబ్బు, కొబ్బరినూనె సీసా. అవన్నీ అంగట్లో కొన్నవే. ఇంట్లో తయారైన వస్తువు బొంత ఒక్కటే. ఆ రాత్రి లైట్లు ఆర్పాక దాన్ని ముక్కుదాకా కప్పుకొని, అందులోని ఇంటి వాసనకు ఏడుస్తూ నిద్రపోయామని ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్న అన్నలు కూడా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆనాడు వాళ్ళ పక్కన పడుకున్నవాళ్ళను అడగండి!

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము నలుగురు పూర్వ విద్యార్థులం ఒకచోట కూర్చున్నాం. క్రమశిక్షణ గురించి రాద్దామా, లక్ష్యసాధన గురించి రాద్దామా అని మొదలుపెట్టాం. వాటి మీద ప్రతి సంచికలోనూ రెండు మూడు వ్యాసాలు ఉండనే ఉంటాయి. మాటల్లో బొంత సంగతి వచ్చింది. ఇక ఆ పూటంతా అదే మాట. అందుకే ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి చేత్తో చేసుకునే వస్తువుల గురించీ, వాటిలో దాగి ఉండే మన జ్ఞాపకాల గురించీ మా అభిప్రాయం రాస్తున్నాం.

మా నలుగురి తల్లుల్లో ముగ్గురికి సంతకం చేయటం రాదు, వేలిముద్రే. ఇంటినుంచి వచ్చే ఇన్లాండు ఉత్తరం ఊళ్ళో చదువుకున్న ఎవరో ఒకరు రాసిపెట్టిందే. అందులో మాట అమ్మదైనా రాత అమ్మది కాదు. బొంత మీది కుట్టు మాత్రం అచ్చంగా ఆమెదే. వాడలో ఆడవాళ్ళు నాలుగు బొంతలు ఎదురుగా పరిస్తే, ఇది ఫలానా ఆమె కుట్టు అని ఇట్టే చెప్పేవాళ్ళు. ఒకరి కుట్టు చీమల బారులాగా సన్నగా ఉంటుంది, ఒకరిది తొందరలో దూరం దూరంగా పడుతుంది. ఒకామె అంచు నుంచి లోపలికి చుట్టూ తిప్పుకుంటూ వస్తుంది, ఇంకొకామె నాగటి చాళ్ళలాగా అడ్డంగా పోతుంది. చదువురాని తల్లికి చేతిరాత లేదని ఎవరన్నారు?

బొంత కుట్టటం తెలియని చిన్న తమ్ముళ్ళ కోసం కొంచెం చెబుతాం. మిరపకోతలు, పత్తి తీతలు అయిపోయి కూలిపనులు తగ్గే ఎండాకాలంలో ఈ పని పెట్టుకునేవారు. ఏడాదిపాటు దాచిన పాత బట్టలను ఉతికి ఆరబెట్టి, అడుగున ఒక నూలుచీర పరిచి, మధ్యలో చిరిగిన పంచెలు, లంగాలు, చొక్కాలు పొరలుగా సర్ది, పైన ఇంకొక చీర కప్పుతారు. ముడతలు లేకుండా నలుగురూ నాలుగు మూలలా లాగి పట్టుకోవాలి. అక్కడే పిల్లల పని మొదలవుతుంది. మూల పట్టుకోవటం, సూదికి దారం ఎక్కించటం, పొరలు జరగకుండా మీద కూర్చోవటం! దబ్బనంతో పెద్ద కుట్లు వేసి పొరలు నిలబెట్టాక సూదితో సన్నకుట్టు. అంతసేపూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి. ఈ ముక్క ఎవరి చీరది, ఏ పెళ్ళికి పెట్టారు, ఎక్కడ చిరిగింది అన్న సంగతులన్నీ ఆ కుట్టుతోపాటే పిల్లల చెవిన పడేవి.

ఇప్పుడు మాలో ఒకరి కథ. పదో తరగతి పాసై ఇంటర్మీడియట్‌కు పట్నం వెళ్ళేటప్పుడు అతను బొంతను వెంట తీసుకుపోలేదు. గదిలో కొత్తవాళ్ళు చూస్తే నవ్వుతారని సిగ్గు. సెలవులకు వచ్చినప్పుడు పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే అతను వీధిలోకి వస్తే, అమ్మ కూలికి పోయిన సమయం చూసి దాన్ని ఇచ్చేసి ఒక టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. సాయంత్రం వచ్చిన అమ్మ డబ్బాను చూసింది, ఏమీ అనలేదు. చాలా ఏళ్ళ తరువాత, ఆమె పోయాక, పెద్దమ్మ చెప్పింది. అతని పైన పుట్టి మూడేళ్ళకే జ్వరంతో పోయిన అక్క గౌను ఆ బొంత మధ్యపొరలో ఉందట. ఆ పిల్లకు ఫోటో లేదు. ఆ గౌను తప్ప ఇంకేమీ మిగలలేదు. టిఫిన్ డబ్బా మాత్రం ఇప్పటికీ ఉంది. ఈ సంగతి రాయమన్నది అతనే, పేరు వద్దన్నాడు.

మన ఇళ్ళల్లో ఆల్బములు లేవు. ఉన్నది రేషన్ కార్డు మీద ఫోటో, ఓటరు కార్డు మీద ఫోటో, తిరునాళ్ళలో తెర ముందు నిలబడి తీయించుకున్న ఒక ఫోటో. అది కూడా చెమ్మకు మొహం దగ్గరే చెరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు సెల్లులో వేలకొద్దీ ఫోటోలు తీస్తున్నాం, సెల్లు నీళ్ళలో పడితే అన్నీ పోతున్నాయి. అందుకే చేతితో చేసిన వస్తువు మనలాంటివారికి సరదా మాత్రమే కాదని మేము అంటున్నాం. తాతలనాటి దస్తావేజులున్న కుటుంబాలకు చరిత్ర పెట్టెలో ఉంటుంది. మనకు అది మడతపెట్టిన బొంతలో, మంట దగ్గర కాచి వాయించే డప్పులో, లంబాడీ తల్లులు అద్దాలు పొదిగి కుట్టిన లంగా అంచులో ఉంటుంది.

కారంపూడిలో చదివినవారికి ఈ మాట కొత్తగా అనిపించకూడదు. 12వ శతాబ్దంలో నాగులేరు ఒడ్డున జరిగిన యుద్ధాన్ని ఈ ఊరు ఇంతకాలం దేనితో గుర్తుపెట్టుకుంది? పుస్తకం చదివినవారు కొద్దిమందే. వీరుల గుడిలోని రాళ్ళను, వీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను చూసి గుర్తుపెట్టుకున్నవారే ఎక్కువ. కార్తీక అమావాస్యకు వీరాచారవంతులు తమ ఇళ్ళల్లో తరతరాలుగా దాచుకున్న కొణతాలను ఎత్తుకొని ఊరూరినుంచి వస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయించి గుడికి తెస్తారు. రాచగావు మొదలుకొని కళ్ళిపాడు వరకూ అయిదు రోజులూ మనం హాస్టలు గోడ దూకి మరీ చూసినవాళ్ళమే. (ఇన్నేళ్ళ తరువాత రాస్తున్నాం కాబట్టి వార్డెన్ గారు క్షమించాలి.) ఒక ఇనుప ముక్కను ఒక కుటుంబం పోగొట్టుకోకుండా పట్టుకుంటే ఒక కథ ఎనిమిది వందల ఏళ్ళకు పైగా బతికింది. ఆ కథలో బ్రహ్మనాయుడి పక్కన మాల కన్నమదాసు ఉన్నాడు, చాపకూడు ఉంది. అవి నిలిచింది కూడా అలా పట్టుకున్నవారి వల్లనే.

పిల్లల ఆటవస్తువుల విషయానికి వద్దాం. మేము చిన్నప్పుడు కొన్న బొమ్మతో ఆడింది తక్కువ. ఒలిచిన జొన్నదంట్ల బెండుతో కళ్ళజోడు, ఎడ్లబండి. ముంజలు తిన్నాక రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి తోపుడుబండి. అరిగిపోయిన హవాయి చెప్పులను గుండ్రంగా కోసి చక్రాలు. ఏరువాక పున్నమికి చెరువు మట్టితో జోడెద్దులు. ఎద్దు కొమ్ము విరిగితే ఎందుకు విరిగిందో మనమే కనుక్కోవాలి. మట్టి మరీ తడిగా ఉందా, ఎండలో తొందరగా ఎండబెట్టామా అని. తరువాత సైన్సు పాఠంలో వచ్చిన సంగతులు కొన్ని మాకు అక్కడే తెలిశాయి. ఈనాడు మా పిల్లలకు బళ్ళో ప్రాజెక్టు వర్కు ఇస్తున్నారు. పిల్లవాడు రాత్రి తొమ్మిదింటికి గుర్తుచేస్తాడు, తండ్రి ఫ్యాన్సీ షాపుకు పరుగెత్తుతాడు, తల్లి థర్మాకోల్ కోసి అతికిస్తుంది, మార్కులు పిల్లవాడికి వస్తాయి. దీన్ని చేతిపని అనటం మాకు ఇష్టం లేదు. వంకరగా ఉన్నా సరే, వాడు చేసిన బండే బడికి పోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. "మన తాతలు చేతిపనులు చేసీ చేసీ అలసిపోయారు. వాటినుంచి బయటపడటానికే కదా మనల్ని హాస్టల్లో వేసింది. మళ్ళీ తోలు, మట్టి, సూది అంటారేమిటి?" అని ఒక తమ్ముడు మమ్మల్ని నిలదీశాడు. అతని కోపంలో న్యాయం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ గ్రామాల్లోని ప్రాథమిక పాఠశాలల్లో చదువును రోజుకు మూడు గంటలకు కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకూ మన గుంటూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. కులవృత్తి చదువు అని పెద్ద ఆందోళన లేచింది. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చాక ఆ పథకం రద్దయింది. రద్దు కాకపోతే చెప్పులు కుట్టేవాడి కొడుకు ఈ సంచికలో వ్యాసం రాసేవాడు కాదు. మనిషికి తన పనిని ఎంచుకునే వీలు లేకుండా చేస్తుందన్నది కులం మీద అంబేద్కర్ మోపిన నేరాల్లో ఒకటి. మన వినుకొండవాడైన జాషువా 1941 నాటి గబ్బిలంలో కథానాయకుణ్ణి చెప్పులు కుట్టేవాడిగా నిలబెట్టింది కూడా ఆ బాధ చెప్పటానికే.

కాబట్టి మా మాట స్పష్టంగా చెబుతాం. పుట్టుకను బట్టి అంటగట్టిన పని వేరు, ఆదివారం మధ్యాహ్నం ఇష్టపడి చేసుకునే పని వేరు. తోలుపని తెలిసిన ఇంటి పిల్లవాడు మట్టి బొమ్మలు చేయవచ్చు, కుమ్మరి ఇంటి పిల్లవాడు డప్పు మూయటం నేర్చుకోవచ్చు. డాక్టరు కావాలనుకునేవాడు రెండూ చేసి, తరువాత చక్కగా కుట్లు వేసే సర్జను కావచ్చు. చేతిపని పేరు చెప్పి చదువు గంటల్లో ఒక్క నిమిషం తగ్గించినా మేమే మొదట వ్యతిరేకిస్తాం. దుర్గిలో రాయి చెక్కే శిల్పులకు, కొండపల్లిలో పొణికి కర్రతో బొమ్మలు చేసేవారికి అది బతుకుతెరువు. వారికి కావలసింది గిట్టుబాటు ధర. అది వేరే వ్యాసం.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. మన నాగులేరులాగా అక్కడా ఒక నది వంపు తిరుగుతుంది, మనలాగే అక్కడా పత్తి పండించేవారు. పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసిన నల్లజాతి వారి సంతతి ఆ ఊరివారు. అక్కడి ఆడవాళ్ళు కూడా చిరిగిన పని బట్టలతో బొంతలు కుట్టుకున్నారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పని బట్టలను కోసి బొంతగా కుట్టింది. అతన్ని గుర్తుపెట్టుకోవటానికి, అది కప్పుకొని పడుకోవటానికి. ఆ ఊరి బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, తరువాత న్యూయార్క్‌లోనూ ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో పది స్టాంపులు వేసింది. అంత గొప్ప చిత్రకళ ఈ పేదవాళ్ళకు ఎలా వచ్చిందని జనం ఆశ్చర్యపోయారట. మాకు మాత్రం ఆశ్చర్యమేమీ కలగలేదు. అలాంటివి మన వాడల్లో దండేల మీద ఆరుతూ కనబడుతూనే ఉంటాయి. ఎవరూ గోడకు వేలాడదీయలేదు, అంతే. అయితే పేరు వచ్చాక కొత్త చిక్కులూ వచ్చాయి. తమకు రావలసిన డబ్బు దక్కలేదని 2007లో అక్కడి కొందరు కోర్టుకు వెళ్ళారు. రేపు మన బొంతలకు ధర పలికినా ఆ సంగతి గుర్తుండాలి.

ఇక తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా కోరిక. పండుగ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి బొంత పొరల్లో ఏమేమి ఉన్నాయో అడగండి. చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి. జానెడు గుడ్డముక్క మీద ఆమె పేరు, ఊరి పేరు, సంవత్సరం దారంతో కుట్టి బొంత మూలన తగిలించండి. ఏడాదికి రెండుసార్లు ఎండలో వేసి, మడతల్లో ఎండు వేపాకు పెట్టండి. పాలిస్టరు చీరలతో కుట్టిన బొంత ఒంటిమీద నిలవదు, చెమట పీల్చదు. కొత్తది కుట్టేటప్పుడు నూలు చీరలే ఏరండి. మగపిల్లలకు సూదేమిటని నవ్వేవారిని ఒకసారి మన బజారుకు తీసుకుపోయి టైలరు షాపుల్లో కూర్చున్నది ఎవరో చూపించండి.

వచ్చే వార్షికోత్సవానికి మేము ఒక పని తలపెట్టాం. ఒక్కొక్క బ్యాచినుంచి ప్రతివారూ జానెడు ముక్క, ఇంటినుంచి తెచ్చిన ఏదో ఒక పాతబట్టది, తీసుకురావాలి. అమ్మ చీరది కావచ్చు, నాన్న తువ్వాలుది కావచ్చు, మీ హాస్టలు యూనిఫారానిదే కావచ్చు. వాటన్నిటినీ కలిపి డైనింగు హాల్లో నేలమీద కూర్చొని మన హాస్టలు బొంత కుట్టుకుందాం. ఎవరి ముక్క మీద వారు పేరు, చేరిన సంవత్సరం కుట్టాలి. రాకపోతే పక్కవారు నేర్పుతారు. మన మధ్య లేని మిత్రుల ముక్కలను వారి ఇళ్ళకు వెళ్ళి అడిగి తెచ్చే బాధ్యత మాది. టిఫిన్ డబ్బా తీసుకున్న మా మిత్రుడి దగ్గర ఇవ్వటానికి ముక్కేమీ లేదు. అతను అంచు కుడతానన్నాడు.

దారం, దబ్బనాలు మేము తెస్తాం. వచ్చేటప్పుడు ముక్కను ఉతికి తీసుకురండి.