వణకు చేతికి పని కావలెను

ఇంటిలో పెద్దవారి చేయి వణకుట యారంభింపగానే మన కుటుంబములలో ప్రేమ తన పని తాను మొదలుపెట్టును. ముందుగా కాఫీని గ్లాసు నిండుగా పోయుట మాని సగమే పోయుదురు. కొన్నాళ్లకు గాజు గ్లాసు పోయి స్టీలు గ్లాసు వచ్చును. మరికొన్నాళ్లకు కోడలే గ్లాసు చేతబట్టి, "మీరెందుకు మామయ్యా, నేను తాగిస్తానుగా" అనును. సంతకము కలియలేదని బ్యాంకువారు చెక్కును త్రిప్పిపంపిన దినమున కుమారుడు కలమును బీరువాలో పెట్టి, "ఇక ఈ బాధ మీకొద్దు నాన్నా, అన్నీ నేను చూసుకుంటాను" అనును. ధనుర్మాసము పట్టినదో లేదో అత్తగారి చేతిలోని ముగ్గుగిన్నె కోడలి చేతికి మారును. ఇందులో నెవరి తప్పును లేదు. అందరును ప్రేమగలవారే, అందరును మంచి తలంపుతో చేయువారే. అయినను, ఈ విధముగా నొక్కొక్క వస్తువే తొలగిపోగా పోగా, తుదకు ఆ చేతికి మిగులునది వణకుట యొక్కటే. ఈ ప్రేమకు ప్రతిపక్షముగా నేను వాదింపదలచినాను.

నేడు పార్కిన్సన్స్ వ్యాధి యని పిలువబడుచున్న ఈ వణకు వ్యాధిని 1817లో లండను నగరమున జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు ఒక చిన్న పుస్తకమున వర్ణించెను. ఆయన వర్ణించిన రోగులు ఆర్గురే. అందును కొందరిని ఆయన వీధిలో పోవుచుండగా చూచినవాడే కాని పరీక్షించినవాడు కాడు. మన ఆయుర్వేదమువారు ఇట్టిదానిని కంపవాతమనిరి. పేరు వణకును బట్టి వచ్చినను వణకు ఇందులో చిన్న భాగము. అసలు వణకనివారును ఈ రోగులలో కలరు. మెదడు అడుగుభాగమున నల్లని కణసముదాయ మొకటి డోపమిన్ అను ద్రవ్యమును తయారుచేయుచుండును. ఆ కణములు క్రమముగా నశించుట ఈ వ్యాధికి మూలము, లోపము మనిషికి తెలియవచ్చునప్పటికే వానిలో పెద్ద భాగము పోయియుండును. వానితోపాటు మొదట పోవునది బలము కాదు, తెలివి కాదు, అలవాటు. చొక్కా గుండీలు పెట్టుకొనుట, అన్నము కలుపుట, నడచునప్పుడు చేతులూపుట, పక్కమీద ఒత్తిగిలుట, ఇవన్నియు మనమే చేయుచున్నామని యనుకొందుము గాని, నిజమునకు మన మెరుగకయే మన శరీరము చేసికొనిపోవుచుండును. ఏండ్ల తరబడి నోరెత్తక పనిచేసిన పాత నౌకరు ఒకనాడు రాకపోగా ఉప్పుడబ్బా యెక్కడున్నదో తెలియక తబ్బిబ్బైన యజమానివలె, ఈ వ్యాధి సోకినవాడు ప్రతి చిన్నపనికిని మనస్సును పిలిచి ముందు నిలుపుకొనవలసివచ్చును.

ఇక్కడనే నాకు కళ జ్ఞప్తికి వచ్చుచున్నది. నర్తకి అడుగు వేయుటకు ముందు ఆ యడుగును మనస్సులో వేయును. చిత్రకారుడు రేఖను గీయకపూర్వమే దాని కొసను చూచును. అందరును ఎరుకలేక చేయు పనిని ప్రతిసారియు క్రొత్తగా, ఎరుకతో చేయుటయే కళ యైనచో, ఈ రోగి తన యిష్టముతో నిమిత్తము లేకయే కళాకారుని స్థితిలోనికి నెట్టబడినవాడు. రోగము వరమని వ్రాయువారితో నాకు పొత్తు కుదరదు. రాత్రి పక్కమీద ఒత్తిగిలలేక తెల్లవార్లును పైకప్పును చూచుచు పడియుండువారికి ఆ మాట చెప్పు ధైర్యము నాకు లేదు. నేను చెప్పునది మరొకటి: ఈ వ్యాధిలో కళ ప్రొద్దుపుచ్చుటకై చేసికొను పని కాదు, పోయిన అలవాటు స్థానమున నిలిచి శరీరమును నడపుటకు మిగిలిన దారులలో నది యొకటి.

చేతివ్రాతను చూడుడు. ఈ వ్యాధిలో అక్షరములు వ్రాయగా వ్రాయగా చిన్నవగును. తెలుగు వ్రాయువారికి ఇది మరింత కష్టము, ఏలయన మనది వంపుల లిపి. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము, వట్రుసుడి, అన్నియు చిన్న చిన్న మలుపులే, ఆ మలుపు నలిగిపోయినచో అర్థమే మారిపోవునవే. పంక్తి మొదట 'శ్రీ' యనునది తీర్చి దిద్దినట్లుండును. పంక్తి నడుమకు వచ్చుసరికి గుడికిని గుడిదీర్ఘమునకును భేదము పోవును. చివరి పదమును వ్రాసినవారే చదువలేరు. అట్టివారికి రెండు గీతల కాపీ పుస్తకము నిచ్చి, "పెద్దగా రాయండి, గీత తగిలేలా రాయండి" అని చెప్పి చూడుడు: అదే చేయి, అదే కలము, అయినను అక్షరము మునుపటికంటె నిండుగా నిలుచుట తరచుగా కానవచ్చును. లోపలినుండి రావలసిన కొలత రాకపోగా, కాగితముమీది గీత దానిని వెలుపలినుండి అందించినది.

అక్షరములు కుంచించుకొనిపోవు నీ సంగతిని తొలిసారిగా, తన చేతినే చూచి, వర్ణించినవాడు వైద్యుడు కాడు, భాషాతత్త్వవేత్త: బెర్లిను విశ్వవిద్యాలయమును నెలకొల్పిన విల్‌హెల్మ్ ఫాన్ హంబోల్ట్. సంస్కృతము నేర్చి, 1825, 1826 సంవత్సరములలో బెర్లిను అకాడమీయందు భగవద్గీతను గూర్చి ఉపన్యసించిన యీ మహాశయుడు మరి రెండు మూడేండ్లకే తన చేతి వణకును గూర్చి మిత్రులకు వ్రాయవలసివచ్చెను. శరీరము కంపింపగా గాండీవము చేజారుచున్న అర్జునుని గూర్చి అంతగా తలపోసిన చేతినుండి కలమే జారుచుండెను. 1828 మొదలుకొని 1835లో కన్నుమూయువరకు ఆయన తన లేఖలలో ఆ వణకును, వంగిపోయిన భంగిమను, వ్రాతలోని తడబాటును శాస్త్రజ్ఞుని నిష్ఠతో వర్ణించెను; త్వరితములును జటిలములునైన కదలికలను నడపుటలోనే లోపమున్నదని ఆయన కనిపెట్టిన మాటను నేటి వైద్యులును మెచ్చుకొందురు. 1829లో భార్య పోయెను. ఆ పిదపటి యేండ్లలో ఆయన కార్యదర్శిని ఎదుట కూర్చుండబెట్టుకొని సానెట్లను నోట చెప్పి వ్రాయించెను. అవి వేయికి పైబడినవి. అవి లోకోత్తర కవిత్వమని వాదించుట నా పని కాదు. పదునాలుగు పాదముల కట్టుబాటు, ప్రాసల కట్టుబాటు, కాపీ పుస్తకములోని గీతలు చేతికి చేయు మేలునే ఆయన దినములకు చేసియుండునని నా యూహ.

నడకయు నింతే. ఈ వ్యాధిగ్రస్తులు కొందరు బయట బాగుగానే నడచి, గుమ్మము కడకు రాగానే నిలిచిపోవుదురు. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన గడప, ఏబదియేండ్లుగా దాటుచున్న గడప, ఆ క్షణమున దాటరానిదగును. వెనుకనున్నవారు "రండి, రండి" అని తొందరపెట్టినకొలది పాదము నేలకు మరింత అంటుకొనును. అప్పుడు పాదముల ఎదుట ఒక చేతికర్రను అడ్డముగా పెట్టి "దీన్ని దాటండి" అన్నచో దాటువారు కలరు. చప్పట్లతో తాళము వేసినంతనే కదలువారును కలరు. గీత కంటిద్వారా, తాళము చెవిద్వారా ఆజ్ఞను పంపును. ఈ సూక్ష్మమును పట్టుకొనియే అమెరికాలోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందమువారు 2001లో ఈ వ్యాధిగ్రస్తులకై నృత్యపాఠములు ప్రారంభించిరి. మన దేశమున పుణెలో హృషీకేశ్ పవార్ అను నర్తకుడు అట్టి తరగతులు నడపెను. అచ్చటికి వచ్చినవారిని రోగులని యనలేదు, విద్యార్థులనిరి. మనకు ఈ విషయమున సామగ్రి కొదువ యేమున్నది? కోలాటమున ఎదుటివాని కోల కంటికి గురి, పాట ఊపిరికి లెక్క, తాళము పాదమునకు పిలుపు; చెక్కభజనయు నట్టిదే. చుక్కలముగ్గు నెవరు కనిపెట్టిరో కాని, చేయి ఎక్కడికి పోవలెనో ముందే చుక్క చెప్పుచున్నది. వంగిన తూలిపడుదురను భయమున్నచో బల్లమీద పలకయు సుద్దముక్కయు చాలును. వాకిలి కాకపోయినను ముగ్గు ముగ్గే.

నాట్యశాస్త్రమున భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్వికభావములలో స్తంభము, స్వేదము, స్వరభేదము, వేపథువు అను నాలుగును ఈ వ్యాధి లక్షణములలో నున్నవని గమనించినప్పుడు నాకు కొంత ఆశ్చర్యము కలిగినది. నిలిచిపోవుట, చెమట పట్టుట, గొంతు మారుట, వణకుట: మహానటుడు అంతరంగమును కరగించి సాధించు వానిని ఈ శరీరము ఏ భావమును లేకయే ప్రదర్శించును. దీనికి తలక్రిందుగా, భావము నిండుగా నున్నచోట ముఖము కదలదు. మనుమరాలి పెండ్లిపీటల ఎదుట కూర్చున్న పెద్దాయన మొగము చూచి, "తాతయ్యకు ఈ సంబంధం ఇష్టం లేనట్టుందే" అని గుసగుసలాడుదురు; ఆయన లోపల పొంగిపోవుచుండును, కండరములు మాత్రము ఆ వార్తను మోసికొనిరావు. గొంతు తగ్గిపోవుటచే మాటయు వినబడదు, రెండుసార్లు "ఏమిటీ?" అని యడిగినవారు మూడవసారి అడుగుట మానుదురు. నటుని లోపమును సహృదయుడు పూరింపవలెనని మన యాలంకారికు లెరుగుదురు. ఇంటిలోనివారు ఆ సహృదయత్వమును అభ్యసింపవలెను: మొగమును బట్టి తీర్పు చెప్పక అడుగుట, అడిగి, జవాబు వచ్చునంతవరకు ఆగుట.

మరొకరి చేతులను గూర్చి చెప్పవలసియున్నది. మహాత్ముడు రాట్నము చెంత కూర్చున్న ప్రసిద్ధ ఛాయాచిత్రమును 1946లో తీసిన మార్గరెట్ బర్క్-వైట్ అను అమెరికను వనిత, ఆ చిత్రమును తీయుటకు ముందు తాను నూలు వడుకుట నేర్చుకొనవలసినదని ఆశ్రమమువారు నిబంధన పెట్టగా, కెమెరాను ప్రక్కనుంచి రాట్నము ముందు కూర్చున్నది. దేశవిభజన నాటి మన దుఃఖమును లోకమునకు చూపినదియు నామెయే. పట్టుమని పదేండ్లు గడువకమున్నే ఆ చేతులకు ఈ వ్యాధి వచ్చినది. వార్తాపత్రికల కాగితములను ఉండలుగా నలుపుచు వ్రేళ్లకు సాము చేయించినది; 1959లోను, మరల 1961లోను మెదడుకు శస్త్రచికిత్స చేయించుకొన్నది. ఎల్లప్పుడును కెమెరాకు వెనుక నిలిచిన యామె ఆ 1959లో కెమెరాకు ఎదుట నిలుచుటకు ఒప్పుకొనగా, సహోద్యోగియగు ఐసెన్‌స్టాట్ తీసిన ఆమె చిత్రములు లైఫ్ పత్రికలో అచ్చుపడినవి. 1963లో ఆత్మకథను వెలువరించినది, 1971లో మరణించినది. ఆమె తీసిన చిత్రములకంటె ఈ తీయించుకొన్న చిత్రములే నాకు గొప్పవిగా తోచును. మన యిండ్లలో చేతిని ఉత్తరీయము క్రిందనో పమిటచెంగు క్రిందనో దాచుకొని, పిల్లల సంబంధములు చెడునేమోయని వైద్యుని కడకును పోక, విలువైన యేండ్లను పోగొట్టుకొన్నవా రెందరో.

ఔషధముల కథలో మన చెట్లకు విచిత్రమైన చోటున్నది. సర్పగంధివేరునుండి తీసిన రెసర్పిన్‌ను స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ల కెక్కింపగా అవి కదలక మెదలక పడియుండెను. శరీరమున డోపమిన్‌గా మారు లెవోడోపా నిచ్చినంతనే లేచి తిరుగసాగెను. 1957 నాటి యీ పనితో డోపమిన్ మహిమ బయటపడినది, 2000లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ కుందేళ్ల ప్రయోగమునకు ఇరువది యేండ్లకు ముందే, 1937లో, మద్రాసులో దామోదరన్, రామస్వామి యనువారు మన పొలముగట్ల దూలగొండి గింజలనుండి ఆ లెవోడోపానే వేరుచేసి చూపియుండిరి. బిగించినదియు విప్పినదియు మన మూలికలలోనే యున్నవి! దీనిని చదివి దూలగొండి చూర్ణమునకై పరుగెత్తువారుందురు గావున చెప్పుచున్నాను: వైద్యుడిచ్చిన మాత్రకు అదియు తోడైనచో మోతాదు మించును; అడుగక ముట్టరాదు.

డోపమిన్‌ను పెంచు మందులు పుచ్చుకొనువారిలో కొందరు క్రొత్తగా చిత్రలేఖనమునకో కవిత్వమునకో పూనుకొనుటను టెల్ అవీవ్ నగరపు నాడీవైద్యురాలు రివ్కా ఇంజెల్‌బర్గ్ గమనించి పరిశోధించినది. అట్లైన అది మందు గీసిన బొమ్మయే కాని మనిషి గీసినది కాదందురా? మందు ప్రేరణ నీయగలదు. గీసిన కొండ ఏ యూరిదో, దానికి ఆ నీలమే యేల పూసెనో మందు చెప్పజాలదు. అయితే ఆ మందులలో కొన్నింటికి మరొక ముఖము కలదు: జూదము, అప్పుచేసి చేయు కొనుగోళ్లు, అన్నమును నిద్రయు మాని ఒకే పనిని పట్టుకొని విడువకపోవుట. ఇంటివారు దానిని సిగ్గుపడి దాచక వైద్యునితో చెప్పినచో మోతాదు సవరింపబడును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఈ వ్యాధియు పేర్కొనబడినది. చట్టము ధ్రువపత్రము నీయగలదు, తాళము వేయలేదు. ప్రపంచమున 2019 నాటికి ఎనుబదియైదు లక్షలకు పైగా ఈ వ్యాధిగ్రస్తులున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. నాడీవైద్యులే చాలని జిల్లాలలో నృత్యమేమిటని యడుగువారుందురు. మాత్ర ముందు, తక్కినవి పిదప. అందులో వాదము లేదు. కాని విజయనగరము, విజయవాడ, హైదరాబాదులలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలున్నవి. వారమున కొక పూట ఒక గదియు, ఒక మృదంగ విద్వాంసుడును, చేతులున్న కొన్ని కుర్చీలును, దగ్గర నిలుచుట కొక ఫిజియోథెరపిస్టును ఏర్పరచుట అసాధ్యమైన ఖర్చు కాదు. వేళ మాత్రము గుర్తెరిగి పెట్టవలెను: మాత్రకును పప్పన్నమునకును నడుమ ఎడము లేకున్న మందు సరిగా పట్టదు, మందు పట్టిన గంటలలోనే శరీరము మాట వినును. నేలపై రంగుపట్టీలు అంటింపవలెను. గుమ్మములు వెడల్పుగా నుండవలెను. వేదిక మెట్లకు చేపట్టుకమ్మి అమర్చుట మరవరాదు, వార్షికోత్సవమున వీరి ప్రదర్శనయు నుండవలెను గదా.