ఏకలవ్యుని బొటనవ్రేలు – మన్యపు విల్లు

ఏకలవ్యుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు కోసి ఇచ్చిన పిమ్మట మరి విల్లు పట్టలేదని మనలో చాలమంది అనుకొంటూ ఉంటారు. వ్యాసభారతం అట్లా చెప్పలేదు. ఆదిపర్వం చెప్పినది ఇది: ఆ తరువాత అతడు తక్కిన వ్రేళ్ళతోనే అల్లెత్రాటిని లాగి బాణాలు వేసినాడు; కాని మునుపటి శీఘ్రత రాలేదు. అంటే పోయినది విద్య కాదు, వేగం. ఈ ఒక్క వాక్యాన్ని విడిచిపెట్టి కథ చెప్పడం వలన మనం వ్యాసునికీ అన్యాయం చేస్తున్నాము, నేటికీ ఇంట విల్లు ఉన్న మన్యపు బిడ్డలకూ అన్యాయం చేస్తున్నాము. అరకు ప్రాంతంలో చాలకాలం తెలుగు పాఠాలు చెప్పినవాడిని కనుక రెండవ అన్యాయం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ముందుగా, బొటనవ్రేలికీ వేగానికీ ఉన్న సంబంధం తెలిస్తే గాని ఆ వాక్యపు బరువు తెలియదు.

అల్లెత్రాటిని పట్టి విడిచే తీరులను దేశదేశాల ఆచారాలతో పోల్చి 1885లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికా పండితుడు వర్గీకరించినాడు. వాటిలో ఇక్కడ మనకు కావలసినవి మూడు. మొదటిది, బాణపు తోకను బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ నొక్కిపట్టి లాగడం. మెత్తని వింటికి ఇది చాలును; గట్టి వింటికి పట్టు జారిపోతుంది. రెండవది, బొటనవ్రేలిని పక్కన పెట్టి, మూడు వ్రేళ్ళను నారికి కొక్కెములవలె తగిలించి లాగడం. ఐరోపావారి పద్ధతి ఇది. నేటి ఒలింపిక్ పోటీలలో కనబడేదీ ఇదే. మూడవది, బొటనవ్రేలినే నారి చుట్టూ వంచి, దానిపై చూపుడువ్రేలిని అదిమి లాగడం. మంగోలులు, తురుష్కులు, కొరియావారు పట్టినది ఈ పట్టు.

మూడు వ్రేళ్ళతో లాగినప్పుడు మూడూ ఒక్క క్షణంలో సడలాలి. ఏ ఒక్కటి వెనుకబడినా నారి పక్కకు కదులుతుంది, బాణం దారి తప్పుతుంది. బొటనవ్రేలి పట్టులో నారి ఆనేది ఒక్కచోటనే. వ్రేలు సడలగానే నారి తనంత తాను వెడలిపోతుంది, చేయి వెంటనే మరొక బాణానికి సిద్ధమవుతుంది. అందుకే గుఱ్ఱం మీద నుండి త్వరత్వరగా బాణాలు గుప్పించే జాతులకు ఇది ప్రీతిపాత్రమైనది.

అయితే ఉత్త బొటనవ్రేలు గట్టి నారి కోతకు ఓర్వలేదు. అందుకని ఉంగరం తొడిగేవారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాను విలుకాని ఉంగరం పచ్చరాతితో చేసినది ఉన్నది. మిత్రులు ఈమారు వెళ్ళినప్పుడు దాని చక్కదనాన్నే కాదు, ఉపయోగాన్ని కూడ తలచుకొని చూడగోరుతాను. ఇటువంటి ఉంగరాల లోపలి వలయం సాధారణంగా పూర్తిగా గుండ్రంగా ఉండదు, కొంచెం కోలగా ఉంటుంది. అడ్డంగా తొడిగి, కణుపు దాటిన తరువాత త్రిప్పితే అక్కడ నిలుస్తుంది. మరీ బిగువైతే వ్రేలు తిమ్మిరెక్కుతుంది. వదులైతే ఎక్కడ జారిపోతుందోనని చేయి తనకు తెలియకుండానే బిగుసుకొంటుంది. బిగుసుకొన్న చేతినుండి నారి శుభ్రంగా వెడలదు.

విలువిద్యకు ఏ సంబంధమూ లేని ఒక ఆటలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. పది కొయ్యలను దొర్లే బంతితో పడగొట్టే బౌలింగు ఆటలో బంతికి వ్రేళ్ళ కోసం రంధ్రాలు ఉంటాయి. విడిచేటప్పుడు ముందుగా బొటనవ్రేలు బయటకు రావాలి, ఆ వెనుక తక్కిన రెండు వ్రేళ్ళూ బంతిని త్రిప్పుతూ విడవాలి. రంధ్రం ఇరుకైతే వ్రేలు చిక్కుతుంది, వదులైతే ఆటగాడు బంతిని పిసికి పట్టుకొంటాడు. ఆడుతూ ఉండగా వ్రేలు ఉబ్బడం, తగ్గడం కూడ కద్దు. అందుకని రంధ్రం లోపల సన్నని పట్టీలు అతికిస్తూ, తీస్తూ కొలత సరిచేసుకొంటారు. బంతి అయినా బాణమైనా, చక్కని విడుపు చక్కని అమరికనుండి పుడుతుంది. అమరిక శిష్యుని చేతికి సరిపోవాలి, గురువు చేతికి కాదు.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. వాల్మీకి రామలక్ష్మణులను విశ్వామిత్రుని వెంట నడిపించేటప్పుడు వారు గోధను, అంగుళిత్రాణాన్ని కట్టుకొన్నారని చెప్పినాడు. గోధ అంటే ఉడుము. దాని తోలుతో చేసిన ముంజేతి కాపు. అంగుళిత్రాణం వ్రేళ్ళ తొడుగు. ధనుర్వేద గ్రంథాలు నారిని పట్టే ముష్టులను పతాక, వజ్రముష్టి, సింహకర్ణి, మత్సరి, కాకతుండి అని ఐదుగా పేర్కొని, ఏ పనికి ఏ పట్టు తగునో విధించినవి. ఒక్క పట్టే అందరికీ అన్నిటికీ అని శాస్త్రం అనలేదు.

ఇప్పుడు ఏకలవ్యుని వద్దకు వద్దాము. కుక్క నోటిలో ఏడు బాణాలు ఒక్కసారిగా నింపిన హస్తలాఘవం అతనిది. వ్రేలు పోయిన తరువాత శీఘ్రత తగ్గినదని కవి చెప్పడాన్ని బట్టి, అతనిది బొటనవ్రేలి పట్టు అని ఊహించడం సమంజసం. ద్రోణుడు ప్రాణం అడగలేదు, విల్లు అడగలేదు, ఆ ఒక్క అవయవం అడిగినాడు. ఏది పోతే అర్జునుని ఆధిక్యం నిలుస్తుందో ఆయనకు తెలుసు. విలువిద్య లోతులు ఎరిగినవాడు మాత్రమే అడగగల దక్షిణ అది.

కథ అక్కడితో ముగియలేదు. ద్రోణపర్వంలో, ఘటోత్కచుడు పడిన తరువాత, శ్రీకృష్ణుడు అర్జునునితో ఏకలవ్యుని తలచుకొంటాడు. వ్రేళ్ళకు తొడుగు కట్టుకొని అడవులలో తిరుగుతూ ఉన్న ఆ నిషాదపుత్రుడు మరొక పరశురామునివలె ఉండేవాడని, చివరకు తానే అతనిని సంహరించవలసి వచ్చినదని అంటాడు. వ్రేలు పోయిన తరువాత మూలబడినవాని గురించి చెప్పే మాటలా ఇవి? వ్రేలు పోయినా అతడు చేతిని మరల సాధనం చేసుకొన్నాడు. నీతికథల సంపుటాలలో నాకు ఈ ఘట్టం కనబడలేదు.

కొండలమీద ఈ పాఠం చెప్పేటప్పుడు ఏదో ఒక తరగతిలో ఎవడో ఒక పిల్లవాడు అడుగుతూనే ఉండేవాడు: “బొటనవేలు లేకపోతే ఏం మాస్టారూ, రెండువేళ్ళ మధ్య పెట్టి వెయ్యొచ్చు కదా?” ఆ ప్రశ్న అమాయకమైనది కాదు, అనుభవమున్న చేతి ప్రశ్న. మన్యపు విల్లు వెదురుతో చేసినది; తరచు దాని నారి కూడ వెదురు బద్దే. బద్ద పలకగా ఉంటుంది కనుక సన్నని త్రాటివలె వ్రేలిని కోయదు. చూపుడువ్రేలికీ నడిమివ్రేలికీ నడుమ బాణం ఉంచి లాగేవారిని చూచినాను, బొటనవ్రేలితో నొక్కి లాగేవారినీ చూచినాను. ఏకలవ్యునిమీది గౌరవంతో గిరిజనులు బొటనవ్రేలు తాకించరని చెప్పే మాట వినసొంపుగా ఉంటుంది గాని, ఆ చేతులు ఏ పురాణానికీ కట్టుబడినట్లు నాకు తోచలేదు. వింటి బలాన్ని బట్టి, నారి తీరును బట్టి, తాత నేర్పినదాన్ని బట్టి పట్టు ఏర్పడినది. దానికి మనం పురాణపు రంగు పూస్తే, వారి తెలివిని వారికి కాకుండా చేసినవారమౌతాము.

పేర్ల సంగతి కూడ ఒకమారు ఆలోచించండి. కేంద్ర ప్రభుత్వం 1961 నుండి క్రీడాకారులకు అర్జునుని పేరున, 1985 నుండి శిక్షకులకు ద్రోణుని పేరున పురస్కారాలు ఇస్తున్నది. గిరిజన బాలబాలికల కోసం 1997–98లో ఆరంభించిన ఆదర్శ గురుకులాలకు మాత్రం ఏకలవ్యుని పేరు పెట్టినది. గురుకులంలో చోటు దొరకనివాని పేరు గురుకులానికే పెట్టడం ప్రాయశ్చిత్తమో, పరిహాసమో ఆ బడిలో జరిగేదాన్ని బట్టి తేలుతుంది. అక్కడ “ప్రశ్నించక ఇచ్చినాడు, అదే భక్తి” అని పాఠం ముగిస్తే పరిహాసమే.

గురుభక్తి గొప్పది కాదా అని మిత్రులు అడగవచ్చు. గొప్పదే. మట్టిబొమ్మను ఎదుట పెట్టుకొని విద్య సాధించినవాని నిష్ఠకు నేనూ చేతులు జోడిస్తాను. కాని శిష్యుని భక్తి శిష్యుని ధర్మం. దానిని గురువు చేసిన పనికి సమర్థనగా వాడుకొనరాదు. తరగతిలో కూర్చున్నవారు నిషాదుని వంటి బిడ్డలైనప్పుడు, చెప్పేవాడు మైదానంనుండి వచ్చిన పంతులైనప్పుడు, ఆ కథలో తాను ఎవరి స్థానంలో నిలుచున్నాడో పంతులు మరువరాదు.

ఇక చేయవలసినదేమిటి? వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చి వేటను నిషేధించినది. అది మంచిదే. చైత్రంలో ఇటుకల పండుగ నాడు మగవారు విల్లంబులతో అడవికి పోవడం ఆచారం; ఇక అది ఆచారంగానే మిగులుతుంది. వేట పోయినచోట విల్లు గోడకు వేలాడవలసినదేనా? మన దేశపు పోటీలలో వెదురు వింటికి ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉన్నది. 50, 30 మీటర్ల దూరాన లక్ష్యాలు. మన్యపు చేతికి అలవాటైన వెదురే అక్కడా పరికరం. రాజస్థానపు కొండలలో వెదురు విల్లుతో పెరిగిన గిరిజనుడు లింబారామ్ 1988, 1992, 1996 ఒలింపిక్సులలో దేశం తరఫున నిలిచినాడు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 3 స్వర్ణాలు గెలిచినది. ఆమె పోటీపడే కాంపౌండు వింటిలో నారిని విడిచేది చేతిలోని చిన్న యంత్రం. అటువంటి యంత్రాలలో చాలవాటికి మీట నొక్కేది బొటనవ్రేలే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో కాంపౌండు మిశ్రమ జట్టు పోటీని చేర్చడానికి నిర్ణయమైనది. బొటనవ్రేలు ఈ విధంగా మరల బరిలోకి వస్తున్నది.

కొండమీది బడులలో ఆటస్థలం ఉన్నచోట విలువిద్య నేర్పాలని నా కోరిక. నేర్పేటప్పుడు విల్లు బరువు పిల్లవాని భుజానికి తగినదై ఉండాలి. వ్రేళ్ళ తొడుగు అతని అరచేతి కొలతకు కత్తిరించినదై ఉండాలి. వ్రేలికొనలు దాటి పొడుచుకొని వస్తే నారి దానికి తగులుకొంటుంది. పెద్దల కోసం కొన్న సామాను పదేళ్ళవాని చేతికి తొడిగి, బాణం పక్కకు పోయినప్పుడు “నీకు ఏకాగ్రత లేదు” అనడం తగదు. ఇంటినుండి తెచ్చుకొన్న పట్టును ఎగతాళి చేయకుండా, అది ఎందుకట్లా ఉన్నదో ముందు అతనినే అడిగి, ఆ తరువాత కొత్త పట్టు చూపాలి. ఐదు ముష్టులను చెప్పిన శాస్త్రానికి ఆరవది వినడానికి అభ్యంతరం ఉండదు.

తెలుగు పంతుళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఏకలవ్యుని పాఠం చెప్పిననాడు, దక్షిణ ఇచ్చిన ఘట్టం దగ్గర పుస్తకం మూయకండి. తరువాతి వాక్యం కూడ చెప్పండి: మిగిలిన వ్రేళ్ళతో లాగినాడని. ఆపైన ద్రోణపర్వంలోని కృష్ణుని మాటలు కూడ వినిపించండి. నా ఈ అభిప్రాయంతో విభేదించే మిత్రులు మూలం చూచి నిస్సంకోచంగా వ్రాయండి. చర్చకు నేను సిద్ధం.

స్వస్తి.