పుదుచ్చేరి షుగర్ లెక్క: ఫోన్ హెచ్చరిస్తుంది, ఆ తర్వాత?

దేశంలో వంద మంది పెద్దల్లో దాదాపు 11 మందికి మధుమేహం ఉంటే, పుదుచ్చేరిలో 26 మందికి ఉంది. 2023 జూన్‌లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే తేల్చిన లెక్క ఇది. 26.4 శాతంతో గోవా మొదటి స్థానంలో ఉండగా, పుదుచ్చేరి 26.3 శాతంతో ఆ వెంటనే ఉంది. స్థూలకాయంలో (53.3 శాతం), పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వులో (61.2 శాతం) దేశంలోనే మొదటి స్థానం పుదుచ్చేరిదే. యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కాబట్టి తెలుగువారు దీన్ని పొరుగువారి సమస్యగా చూసి వదిలేయలేరు.

డిజిటల్ ఆరోగ్యంలో పుదుచ్చేరి వెనకబడి లేదు. 2020 ఆగస్టు 15న కేంద్రం జాతీయ డిజిటల్ హెల్త్ మిషన్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ఇదీ ఒకటి. అయితే 14 అంకెల హెల్త్ ఐడీ పాత రిపోర్టులను ఒకచోట చేర్చగలదే తప్ప, రాబోయే జబ్బును ఆపలేదు. మరి ఫోన్‌తో జబ్బును ఆపడం సాధ్యమేనా?

ఎస్సెమ్మెస్ పనిచేసిన చోటు

సాధ్యమేనని చెప్పే ఆధారం దక్షిణ భారతం నుంచే ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 537 మంది ఉద్యోగులను, అందరూ మగవారే, ఎంచుకుంది. ఆహారం, వ్యాయామంపై అందరికీ మొదట్లో ఒకే సలహా ఇచ్చింది. సగం మందికి మాత్రం క్రమం తప్పకుండా ఎస్సెమ్మెస్‌లు పంపింది. రెండేళ్లకు సందేశాలు అందుకున్నవారిలో 18 శాతం మంది, అందుకోనివారిలో 27 శాతం మంది మధుమేహం బారిన పడ్డారు. 2013లో ఈ ఫలితాలు లాన్సెట్ అనుబంధ పత్రికలో వచ్చాయి. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ లేకుండా సాధించిన తేడా ఇది.

ట్యాబ్ ఆగిపోయిన చోటు

యానాంకు దూరం కాని పశ్చిమ గోదావరి అనుభవం వేరు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడ 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చింది. వారు బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు లెక్కగట్టి, అవసరమైనవారిని డాక్టర్ దగ్గరకు పంపారు. కానీ బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో వెలువడిన ఫలితాలు చూపాయి. ఆరోగ్య వ్యవస్థ బలపడకుండా ఇలాంటి సాంకేతికత ఒక్కటే జనాభా స్థాయిలో మార్పు తేలేదని పరిశోధకులు తేల్చారు.

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెడితే విషయం స్పష్టమవుతుంది. మనిషి తనంతట తాను మార్చుకోగల అలవాట్ల విషయంలో ఫోన్ మంచి తోడు. డాక్టరు, మందు, మళ్లీ పరీక్ష అవసరమైన చోట ఫోన్ పాత్ర దారి చూపడం వరకే. ఆ దారి చివర మందులు లేకపోతే హెచ్చరికకు విలువ ఉండదు.

2017లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ కిటుకును పట్టుకుంది. ఒకే చికిత్సా విధానం, మందుల నిరంతర సరఫరా, రానివారిని ఆరా తీయడం అందులో కీలకం. ఎంతమంది నమోదయ్యారన్నది కాదు, ఎంతమందికి బీపీ అదుపులో ఉందన్నదే అక్కడి కొలమానం.

పుదుచ్చేరికి ఏం కావాలి?

పట్టణానికి అనుకూలతలు ఉన్నాయి. జిప్‌మర్ లాంటి పెద్దాసుపత్రి, కురుసుకుప్పంలో దాని పట్టణ ఆరోగ్య కేంద్రం అందుబాటులోనే ఉన్నాయి. కానీ పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు మాట్లాడతారు. ఒకే భాషలో రాసిన సందేశం అందరికీ చేరదు. ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది మరో ప్రశ్న. సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 చెబుతోంది. ఇంట్లో అందరి చేతుల్లో తిరిగే ఫోన్‌కు ఒకరి షుగర్ రిపోర్టు వెళ్తే గోప్యత మాటేమిటి?

30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు చేసే ప్రాథమిక పరీక్షల వివరాలు ఇప్పటికే యాప్‌లోకి ఎక్కుతున్నాయి. ప్రభుత్వం ప్రకటించాల్సింది పరీక్షలు చేయించుకున్నవారి సంఖ్య ఒక్కటే కాదు. ముప్పు ఉందని తేలినవారిలో ఎంతమంది డాక్టర్‌ను కలిశారు, ఏడాది తర్వాత ఎంతమందికి షుగర్ అదుపులో ఉంది అన్న లెక్కలు కూడా బయటపెట్టాలి. ఆ రెండూ చెప్పని యాప్ ఎంత ఆధునికమైనా కొత్త రకం రిజిస్టరే అవుతుంది.