మా యాస పనిమనిషికేనా?

మాది కడప పక్క పల్లె. పీజీలో మాకు టెలివిజన్ రచన ఒక పేపరు. ఒక ఎపిసోడ్ రాసుకు రమ్మన్నారు. నీళ్ల బిందె చంకన పెట్టుకున్న కోడలి చేత, "అత్తా, బోరింగు కాడికి పోయొచ్చా. పిల్లోన్ని చూచ్చా ఉండు" అనిపించాను. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి పక్కనే రాశారు: "ఈ యాస పనిమనిషి పాత్రకు పెట్టు."

అది మా అమ్మ మాట. మా అమ్మ ఎవరింట్లో పనిమనిషి? అయినా పనిమనిషైతే మాత్రం? ఆమెకొక కథ ఉండదా, చెంబు అందించి వెళ్లిపోవడమేనా?

సీమ తెరకు కొత్తేం కాదు. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) దాన్ని మగాడి తొడకు కట్టేశాయి. 'ఒక్కడు' (2003) తర్వాత కర్నూలు కొండారెడ్డి బురుజంటే జనానికి గుర్తొచ్చేది ఫాక్షనిస్టే. ఆ బురుజు కింద కూరగాయలు బేరమాడే ఆడమనిషి ఏ ఫ్రేములోకీ రాదు.

"అందరికీ అర్థం కాదమ్మా" అంటారు. 'బాలికా వధు'ను 'చిన్నారి పెళ్లికూతురు'గా డబ్బింగు చేస్తే రాజస్థాన్ ఇంటి ఘూంఘట్లు, పంచాయితీలు మన ఇళ్లలో ఇంచక్కా అర్థమయ్యాయి. కడప అత్తాకోడళ్ల మాటకేనా అర్థం కాకపోయేది? ఛానెళ్లకు రేటింగు భయం, సరే. యూనివర్సిటీకి ఏం భయం? అక్కడి అలవాటును ప్రశ్నించాల్సిన చోటే దాన్ని సిలబస్ చేసి నేర్పుతున్నారు. కథల్లో మాత్రం నామిని చిత్తూరు యాసను మెచ్చుకుంటారు!

ఆ వాక్యం నేను మార్చలేదు. మార్కులు తగ్గాయి. రెండో ఎపిసోడ్‌లో అత్త, కోడలు, ఆడబిడ్డ అందరూ మా ఊరి మాటే మాట్లాడారు. పనిమనిషి చేత మాత్రం టీవీ తెలుగు మాట్లాడించాను.